బీపీ 92 ఉంది కదా అని ఊరుకుంటే: గుండెపోటులో కార్డియోజెనిక్ షాక్

గుండెపోటుతో వచ్చిన ఒక మనిషి అంకెలు ఇలా ఉన్నాయనుకోండి: బీపీ 92/76, గుండె వేగం నిమిషానికి 118, ఆక్సిజన్ 94 శాతం. సగటు పీడనం లెక్కగడితే 81 వస్తుంది. ఐసీయూలో మామూలుగా పెట్టుకునే లక్ష్యం 65 కాబట్టి ఏ అలారమూ మోగదు. కేస్‌షీట్‌లో "బీపీ కాస్త తక్కువ, నిలకడగా ఉన్నారు" అని రాసేసి పక్క బెడ్డుకు వెళ్లిపోవచ్చు.

కానీ పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా చూడండి. 16. ఆ తేడా పై అంకెలో పావు వంతుకన్నా తగ్గిందంటే, గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి నెట్టే రక్తం బాగా పడిపోయిందని అనుమానించాలి. 92లో పావు వంతు 23. ఈయన గుండె కొంచెం కొంచెంగానే నెట్టగలుగుతోంది. ఆ లోటును వేగంతో పూడ్చుకోవాలని 118 కొట్టుకుంటోంది. రక్తనాళాలు బిగుసుకుపోయి కింది అంకెను 76 దగ్గర నిలబెట్టాయి. పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్ల విసురు పెరుగుతుంది, తొట్టి మాత్రం నిండదు. కార్డియోజెనిక్ షాక్ అంటే గుండె పంపు బలహీనపడి ఒంటికి చాలినంత రక్తం అందని స్థితి. దాని వైద్యంలో చాలా పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. పీడనం కనిపిస్తుంది, ప్రవాహం కనిపించదు.

లెక్క ఇంకాస్త ముందుకు తీసుకెళ్దాం. ఇదే మనిషికి గుండె నిమిషానికి పంపే రక్తం 2.6 లీటర్లు అని తేలిందనుకోండి. సగటు పీడనాన్ని దానితో గుణించి 451తో భాగిస్తే గుండె చేస్తున్న పని వాట్లలో వస్తుంది. 81 ఇంటూ 2.6 బై 451, అంటే సుమారు 0.47. దీన్నే కార్డియాక్ పవర్ అవుట్‌పుట్ అంటారు. 0.6 కన్నా తగ్గితే ప్రమాదం. బీపీ ఒక్కటే చూసినప్పుడు "పర్లేదు" అనిపించిన మనిషి ఇక్కడ స్పష్టంగా కింది వరుసలో ఉన్నాడు.

నిర్వచనం మాత్రం బీపీతోనే మొదలవుతుంది. పై బీపీ 90 కన్నా తక్కువగా అరగంట ఉండటం, లేదా 90 నిలబెట్టడానికి మందులో యంత్రమో కావాల్సి రావడం, దానికి తోడు అవయవాలకు రక్తం అందని గుర్తులు. కాథెటర్ పెట్టి కొలిస్తే కార్డియాక్ ఇండెక్స్ (ఒంటి పరిమాణంతో సరిచూసిన గుండె పంపే రక్తం) 2.2 లోపు, వెడ్జ్ పీడనం (ఊపిరితిత్తుల వైపు నుంచి కొలిచే ఎడమ గుండె పీడనం) 15 పైన. ట్రయల్స్‌కి పేషెంట్లను ఎంచుకోవడానికి ఇలాంటి గీత ఒకటి గీయక తప్పదు. మంచం పక్కన ఉన్నవాళ్లు మాత్రం ఆ గీత దాటేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

గుండెపోటు వచ్చినవాళ్లలో 5 నుంచి 10 శాతం మంది ఈ స్థితిలోకి జారతారు. ఎడమ జఠరిక కండరంలో సుమారు 40 శాతం పనిచేయడం మానేస్తే పంపు చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత జరిగేది ఒక విషవలయం. పంపు బలహీనపడితే బీపీ తగ్గుతుంది. బీపీ తగ్గితే గుండెకే రక్తం అందించే కరోనరీ నాళాల్లో ప్రవాహం తగ్గుతుంది. అప్పటిదాకా బాగున్న కండరం కూడా చచ్చుబడటం మొదలవుతుంది. కొన్ని గంటలు పోయాక ఒంట్లో వాపు ప్రక్రియ రాజుకుని, బిగుసుకున్న రక్తనాళాలే వదులైపోతాయి. మొదట్లో చల్లగా ఉన్న చేతులు వెచ్చబడితే కోలుకుంటున్నారని మురిసిపోకూడదు. లాక్టేట్ (ఆక్సిజన్ చాలని కణాల నుంచి రక్తంలో పేరుకునే పదార్థం) పెరుగుతూ చేతులు వెచ్చబడితే అది దిగజారడమే.

1967లో కిల్లిప్, కింబల్ తమ 250 మంది గుండెపోటు పేషెంట్లను నాలుగు తరగతులుగా విడదీసినప్పుడు, షాక్‌లో ఉన్న నాలుగో తరగతిలో 81 శాతం మంది చనిపోయారు. ఇప్పటి పెద్ద ట్రయల్స్‌లో నెల రోజుల్లో మరణాలు 40 నుంచి 50 శాతం మధ్య ఉంటున్నాయి. 81 నుంచి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదు. కానీ గత రెండు దశాబ్దాలకు పైగా ఆ అంకె దాదాపు అక్కడే ఆగిపోయింది. అలా ఎందుకు ఆగిందో అర్థమైతే వైద్యంలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలుతుంది.

చేత్తో తాకి చూడండి

మానిటర్ కన్నా ముందు మోకాలు చూడండి. మోకాలి చిప్ప చుట్టూ చర్మం వలలాగా ఊదారంగు మచ్చలు వేస్తే కింద ప్రవాహం పోయినట్టే. వేలి గోరును గట్టిగా నొక్కి వదిలితే మూడు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా తడుముతూ వస్తే ఎక్కడ చల్లదనం మొదలైందో తెలుస్తుంది. గంటకోసారి చూస్తే ఆ సరిహద్దు పైకి పాకుతోందో కిందికి దిగుతోందో కూడా తెలుస్తుంది. ఖర్చు లేని పరీక్ష, అయినా చాలా ఐసీయూల్లో ఎవరూ చేయరు.

మూత్రం గంటకు 30 మి.లీ. లోపు ఉంటే కిడ్నీలకు రక్తం అందడం లేదు. ఇది తెలియాలంటే మూత్రం గొట్టం వేసి గంట గంటకూ కొలవాలి, షిఫ్ట్ చివర్లో సంచి చూసి రాస్తే పనికిరాదు. మనిషి అసహనంగా కదలడం, మాస్క్ లాగేయడం, అడిగిందే అడగడం కూడా షాక్ లక్షణాలే. దాన్ని భయం అనుకుని నిద్రమందు ఇస్తే, బిగుసుకుని బీపీని నిలబెడుతున్న నాళాలు ఒక్కసారిగా వదులైపోతాయి.

లాక్టేట్ 2 మిల్లీమోల్ దాటితే ఆలోచించాలి, 5 దాటితే పరుగెత్తాలి. ఒక్కసారి చూసి వదిలేయకూడదు. మొదటి అంకె కన్నా నాలుగైదు గంటలకూ, ఎనిమిది గంటలకూ వచ్చే అంకెలే భవిష్యత్తు గురించి ఎక్కువ చెబుతాయి. ఒక మెలిక ఉంది: ఎడ్రినలిన్ డ్రిప్ నడుస్తుంటే ఆ మందే లాక్టేట్‌ను పెంచుతుంది. అప్పుడు అంకెను మోకాలితో, మూత్రంతో కలిపి చదవాలి.

2019లో అమెరికాలోని గుండె నిపుణుల సంఘం స్కై (ఎస్‌సీఏఐ) షాక్‌ను ఎ నుంచి ఇ దాకా అయిదు మెట్లుగా విడదీసింది, 2022లో సవరించింది. ఎ అంటే ముప్పు పొంచి ఉంది, బి అంటే బీపీయో నాడియో దారి తప్పింది కానీ అవయవాలకు రక్తం అందుతోంది, సి అంటే అందడం లేదు, డి అంటే మొదటి మందుకు లొంగలేదు, ఇ అంటే చేయి దాటుతోంది. ఈ అక్షరం కన్నా అది ఎంత సేపట్లో మారిందన్నది ముఖ్యం. సి నుంచి డి కి గంటలో చేరిన మనిషి, రోజంతా సి దగ్గరే ఉన్న మనిషి ఒకటి కాదు.

చేయకూడని పనులు

షాక్‌లో కొంత భాగం ఆసుపత్రిలోనే తయారవుతుంది. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా అంకెలున్నాయి. 2005లో చైనాలో 45,852 మంది గుండెపోటు పేషెంట్లతో జరిగిన కమిట్ ట్రయల్‌లో, మొదట్లోనే నరానికి మెటోప్రొలాల్ ఇచ్చినవాళ్లలో 5.0 శాతం మంది షాక్‌లోకి వెళ్లారు. ఇవ్వనివాళ్లలో 3.9 శాతం. వెయ్యి మందికి పదకొండు మంది అదనం. గుండె 118 కొట్టుకోవడం జబ్బు కాదు, అది జబ్బుకు గుండె ఇచ్చుకుంటున్న జవాబు. వేగం తగ్గించే మందు ఇస్తే ఆ జవాబును నోరు నొక్కినట్టే.

రెండోది నైట్రేట్లు, అంటే రక్తనాళాలను వదులు చేసే సార్బిట్రేట్ లాంటి మందులు. గుండె అడుగు భాగంలో పోటు వచ్చినప్పుడు కుడి జఠరిక కూడా దెబ్బతినొచ్చు. బీపీ తక్కువ, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపిస్తున్నాయి అంటే ముందు దాన్నే అనుమానించాలి. ఈసీజీలో కుడివైపు వీ4 లీడ్ పెట్టి చూస్తే గీతలో ఎస్టీ అనే భాగం 1 మి.మీ. పైకి లేచి కనిపిస్తుంది. లీడ్ మార్చడానికి పది సెకన్లు చాలు. ఇలాంటి గుండె, లోపలికొచ్చే రక్తం మీద ఆధారపడి బతుకుతుంది. నాలుక కింద సార్బిట్రేట్ పెట్టిన రెండు నిమిషాల్లో బీపీ 60కి పడిపోయేది ఇలాంటివాళ్లకే.

మూడోది సెలైన్. కుడి జఠరిక పోటులో 250 మి.లీ. ఇచ్చి చూడటం సబబే. మెరుగైతే ఇంకో 250. అంతకు మించి పోస్తూపోతే ఉబ్బిన కుడి జఠరిక మధ్య గోడను ఎడమవైపుకు నెట్టి, ఎడమ జఠరికకు నిండే చోటు లేకుండా చేస్తుంది. ఇక ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషికి, బీపీ తక్కువ కాబట్టి బాటిల్ పెట్టడమంటే మునుగుతున్నవాడి మీద నీళ్లు పోయడమే.

వెంటిలేటర్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. అవసరమైతే పెట్టక తప్పదు, కానీ ఈ జబ్బులో గొట్టం వేసే నిమిషమే చాలామందికి ఆఖరి నిమిషమవుతుంది. మత్తుమందు నాళాలను వదులు చేస్తుంది, పాజిటివ్ ప్రెజర్ గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని ఆపుతుంది. అందుకే నాళాలను బిగించి బీపీ నిలబెట్టే నార్ ఎడ్రినలిన్ డ్రిప్ ముందే ఎక్కుతూ ఉండాలి. కెటమిన్, ఎటోమిడేట్ లాంటి బీపీని ఎక్కువగా దించనివి వాడాలి, అదీ మామూలు మోతాదులో సగం. ప్రొపొఫాల్ పూర్తి మోతాదు తోసేయకూడదు. రక్తప్రవాహం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి మత్తు ఎక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఇంకా ఎక్కలేదని రెండో డోసు ఇస్తే రెండూ ఒకేసారి తగులుతాయి.

ముందు ఎకో, వెంటనే క్యాథ్ ల్యాబ్

షాక్ అనగానే ఎడమ జఠరిక అలసిపోయిందనుకుంటాం. అయిదుగురిలో నలుగురి విషయంలో అది నిజమే. మిగతావాళ్లలో గుండె కండరం చిరిగి ఉండొచ్చు. మైట్రల్ వాల్వును పట్టి ఉంచే వెనక పాపిల్లరీ కండరానికి ఒకే నాళం నుంచి రక్తం వస్తుంది, అందుకే చిన్న గుండెపోటులో కూడా అది తెగిపోగలదు. అప్పుడు గుండె దాదాపు మామూలుగా కొట్టుకుంటూ కనిపిస్తుంది, మనిషి మాత్రం ఊపిరాడక మునిగిపోతుంటాడు. రెండు జఠరికల మధ్య గోడకు రంధ్రం పడొచ్చు. బయటి గోడ చిట్లి గుండె చుట్టూ రక్తం చేరొచ్చు. స్టెతస్కోప్‌కు కొత్త మర్మర్ (రక్తం దారి తప్పి పారే శబ్దం) వినిపిస్తే అనుమానం సులువు. కానీ వాల్వు పూర్తిగా తెగి రెండు గదుల పీడనం సమమైపోతే శబ్దమే ఉండదు. ఇలాంటివి మొదటి 24 గంటల్లో గానీ, మూడు నుంచి అయిదు రోజుల మధ్య గానీ ఎక్కువ. రెండు రోజులు బాగున్న మనిషి మూడోరోజు హఠాత్తుగా కూలబడితే మందు పెంచేలోపే ఎకో ప్రోబ్ పెట్టాలి. వీటికి స్టెంట్ వైద్యం కాదు, సర్జన్ కావాలి.

స్టెంట్ వేసిన కొన్ని గంటలకు బీపీ తగ్గితే ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. తొడ నుంచి చేసి ఉంటే, రక్తం కడుపు వెనక లోపలికి కారుతూ ఉండొచ్చు. పైకి వాపు కనిపించదు. నడుము పక్క నొప్పి, పడిపోతున్న హిమోగ్లోబిన్, అంతే. షాక్ ముదిరిందని గుండె బలం పెంచే డోబుటమిన్ పెంచుతూ కూర్చుంటే మనిషి పోతాడు.

ఎడమ జఠరికే కారణమైతే చేయాల్సింది ఒకటే: మూసుకుపోయిన నాళాన్ని తెరవడం. 1999లో వచ్చిన షాక్ ట్రయల్ ఈ మాటకు పునాది. 302 మందిలో సగం మందికి వెంటనే యాంజియోప్లాస్టీ లేదా బైపాస్, సగం మందికి ముందు మందులతో నిలబెట్టే ప్రయత్నం. 30 రోజులకు మరణాలు 46.7 శాతం, 56.0 శాతం. గణాంకాల లెక్కన ఆ తేడా నిలబడలేదు. ఆరు నెలలకు 50.3, 63.1. అక్కడ నిలబడింది. ముందు బీపీ నిలబెట్టి తర్వాత నాళం సంగతి చూద్దామన్న వాదనకు ఇక చోటు లేదు. నాళం మూసుకుని ఉన్నంతసేపు బీపీ నిలబడదు. ఎంత ఒడుదొడుకుల్లో ఉన్నా మనిషిని క్యాథ్ ల్యాబ్‌కు (గొట్టం గుండా గుండె నాళాలు చూసి తెరిచే గదికి) తీసుకెళ్లాల్సిందే, వైద్యం దారిలో జరగాల్సిందే.

అక్కడ ఎన్ని నాళాలు తెరవాలి? షాక్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రెండు మూడు నాళాల్లో అడ్డంకులుంటాయి. అన్నీ తెరిస్తే కండరానికి ఎక్కువ రక్తం అందుతుందన్నది తర్కం, మార్గదర్శకాలు కూడా కొన్నాళ్లు అదే చెప్పాయి. 2017లో 706 మందితో వచ్చిన కల్ప్రిట్ షాక్ ట్రయల్ దాన్ని తలకిందులు చేసింది. పోటుకు కారణమైన ఒక్క నాళమే తెరిచినవాళ్లలో నెల రోజుల మరణాలు 43.3 శాతం, అన్నీ ఒకేసారి తెరిచినవాళ్లలో 51.6. నాళాలు ఎక్స్‌రేలో కనిపించేందుకు వేసే డై ఎక్కువ కావడం, ఎక్కువ సమయం, కొట్టుకుంటున్న కొద్దిపాటి మంచి కండరంలోనూ కాసేపు ప్రవాహం ఆపడం: ఇవన్నీ కలిసి లాభాన్ని మించాయి. మిగతా నాళాలు తర్వాత, తీరిగ్గా.

క్యాథ్ ల్యాబ్ 120 నిమిషాల్లో అందదంటే, ఎస్టీ లేచిన గుండెపోటులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. టెనెక్టెప్లేజ్ బరువును బట్టి 60 కిలోల లోపు 30 మి.గ్రా. నుంచి 90 కిలోలు ఆపైన 50 మి.గ్రా. దాకా, 75 ఏళ్లు దాటినవాళ్లకు సగం. తక్కువ బీపీలో మందు గడ్డ దాకా చేరడమే కష్టం కాబట్టి షాక్‌లో ఇది అంత బాగా పనిచేయదు. ఇచ్చాక ఫలితం కోసం ఎదురుచూడకుండా అంబులెన్స్ కదలాలి.

మాత్రల గురించి ఒక మాట. షాక్‌లో పేగులకు రక్తం అందదు, గడ్డ కట్టకుండా ఆపడానికి మింగించిన టికాగ్రెలార్ కడుపులోనే ఉండిపోతుంది. మార్ఫిన్ ఇచ్చి ఉంటే ఇంకా ఆలస్యం. నలిపి ముక్కు గొట్టం గుండా వేస్తే కొంత నయం. అదే పని చేసే క్యాంగ్రెలార్ ఇంజెక్షన్ దొరికిన చోట ఈ చిక్కే లేదు. స్టెంట్ వేసిన కొన్ని గంటల్లోనే అందులో గడ్డ కట్టిన కేసుల్లో కొన్నింటికి మూలం మాత్ర ఒంటికి పట్టకపోవడమే.

మందులు: వీలైనంత తక్కువ, వీలైనంత తక్కువ సేపు

బీపీ నిలబెట్టడానికి మొదటి మందు నార్ ఎడ్రినలిన్. 2010 నాటి సోప్ 2 ట్రయల్‌లో డోపమిన్ వాడినవాళ్లలో 24.1 శాతం మందికి గుండె లయ తప్పింది, నార్ ఎడ్రినలిన్ వాడినవాళ్లలో 12.4. ఆ ట్రయల్‌లో కార్డియోజెనిక్ షాక్ ఉన్న 280 మందిలో మరణాలు కూడా డోపమిన్‌తోనే ఎక్కువ. అయినా అలవాటు కొద్దీ "డోపా పెట్టండి" అనే ఆర్డర్ ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఎడ్రినలిన్ కూడా మొదటి వరుస మందు కాదు. 2018లో 57 మందితో జరిగిన చిన్న పోలికలో, మందుకు లొంగని షాక్ ఎడ్రినలిన్‌తో 37 శాతం, నార్ ఎడ్రినలిన్‌తో 7 శాతం. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

కలపడం ఇలా: 4 మి.గ్రా. మందును 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో 50 మి.లీ. చేస్తే మి.లీ.కు 80 మైక్రోగ్రాములు. 70 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ చొప్పున ఇవ్వాలంటే సిరింజి పంపు మీద గంటకు 5.25 మి.లీ. అదే 0.4 కు చేరితే గంటకు 21 మి.లీ., అంటే రెండున్నర గంటలు కూడా రాకుండానే సిరింజి ఖాళీ. ఆ మార్చే నిమిషమే ప్రమాదం. ఈ మందు ప్రభావం రెండు మూడు నిమిషాల్లో పోతుంది, కొత్త సిరింజి పెట్టినా పంపులో వదులు పోయి మందు కదలడానికి ఇంకాస్త సేపు పడుతుంది. ఇంకో పంపులో రెండో సిరింజి సిద్ధంగా పెట్టి, రెండింటినీ కాసేపు కలిపి నడిపి, బీపీ లేచాక పాతది ఆపాలి. అదే లైన్లో వేరే ఇంజెక్షన్ తోస్తే ట్యూబులో ఉన్న మందంతా ఒక్కసారి లోపలికి పోయి బీపీ 200 తాకుతుంది. కాబట్టి దీనికి విడి లైను ఉండాలి. మెడ నరంలో లైన్ పడేదాకా ఆగాల్సిన పనిలేదు. మోచేతి దగ్గర పెద్ద నరంలో మొదలుపెట్టొచ్చు, కానీ అరగంటకోసారి చర్మం తెల్లబడుతోందా అని చూడాలి.

లక్ష్యం సగటు పీడనం 65. కొందరికి కాస్త ఎక్కువ కావాలి, అంతే తప్ప 90 తెచ్చి సంతోషించడంలో అర్థం లేదు. ఆ ప్రతి అంకెనూ బలహీనపడ్డ జఠరికే ఎదురు నెట్టాలి.

బీపీ 65 దగ్గర నిలిచినా మోకాలు మచ్చలుగానే ఉంటే, నెట్టే బలం పెంచే మందు చేర్చాలి. డోబుటమిన్ కిలోకు నిమిషానికి 2 నుంచి 10 మైక్రోగ్రాములు, లేదా మిల్రినోన్ 0.125 నుంచి 0.5. ఏది మేలన్నది 2021లో డొరెమి ట్రయల్ 192 మందిలో పోల్చింది, తేడా లేదు. ఎంపిక తేలిక: కిడ్నీ దెబ్బతింటే మిల్రినోన్ ఒంట్లో నిలిచిపోతుంది, ఆపినా గంటల తరబడి దిగదు. డోబుటమిన్ ఆపిన పది నిమిషాల్లో పోతుంది. షాక్‌లో కిడ్నీ ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు కాబట్టి నా ఓటు డోబుటమిన్‌కే.

రెండు మందులు ఓ మోస్తరు మోతాదులో నడుస్తున్నా లాక్టేట్ దిగకపోతే మూడో మందు వెతుక్కోవడం కాదు, యంత్రం గురించి ఆలోచించాలి. లేదా యంత్రం ఉన్న చోటికి పంపాలి. ఈ నిర్ణయం మొదటి గంటల్లో జరగాలి, మర్నాడు పొద్దున రౌండ్స్‌లో కాదు.

యంత్రాలు ఏం చేశాయి, ఏం చేయలేదు

బెలూన్ పంపు దశాబ్దాల పాటు ప్రతి షాక్ పేషెంటుకూ పెట్టారు. బృహద్ధమనిలో హీలియంతో ఉబ్బే బెలూన్, గుండె వదులైనప్పుడు ఉబ్బి, నెట్టేటప్పుడు ముడుచుకుంటుంది. మానిటర్ మీద గీత అందంగా లేస్తుంది. ప్రవాహం మాత్రం నిమిషానికి అర లీటరు పెరిగితే గొప్ప. 2012లో 600 మందితో జరిగిన ఐఏబీపీ షాక్ 2 ట్రయల్‌లో మరణాలు బెలూన్‌తో 39.7 శాతం, లేకుండా 41.3. తేడా లేనట్టే. మైట్రల్ వాల్వు తెగినప్పుడు, గోడకు రంధ్రం పడ్డప్పుడు సర్జరీ దాకా నెట్టుకురావడానికి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

ఎక్మో నిమిషానికి నాలుగైదు లీటర్లు పంపగలదు. తొడ సిరలోంచి రక్తం తీసి, ఆక్సిజన్ కలిపి, తొడ ధమనిలోకి నెడుతుంది. ఇంత ప్రవాహం ఇస్తే బతకాలి కదా? 2023లో ఎక్ల్స్ షాక్ ట్రయల్‌లో 417 మందిని లెక్కిస్తే 30 రోజుల మరణాలు 47.8 శాతం, ఎక్మో లేకుండా 49.0. రక్తస్రావం 23.4 శాతం, లేనివాళ్లలో 9.6. కారణాలు రెండు కనిపిస్తాయి. ఎక్మో రక్తాన్ని కింది నుంచి పైకి, గుండెకు ఎదురుగా నెడుతుంది. దెబ్బతిన్న ఎడమ జఠరిక ఆ ఒత్తిడికి వాల్వు తెరవలేక ఉబ్బిపోతుంది, ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి, లోపల నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. రెండోది, ఆ ట్రయల్‌లో మూడొంతులకు పైగా పేషెంట్లు అప్పటికే గుండె ఆగి సీపీఆర్‌తో తిరిగొచ్చినవాళ్లు. మెదడుకు జరిగిన నష్టాన్ని ఏ పంపూ పూడ్చదు.

ఎక్మో మీద ఉన్న మనిషికి ధమని లైన్ కుడి మణికట్టులోనే పెట్టాలి. గుండె కాస్త కోలుకున్నాక, పాడైన ఊపిరితిత్తుల నుంచి వచ్చే నల్లటి రక్తం ముందు వెళ్లేది మెదడుకూ కుడి చేతికీ. ఎడమ చేతిలోనో కాలిలోనో కొలిస్తే ఆక్సిజన్ భేషుగ్గా కనిపిస్తుంది, మెదడు మాత్రం ఉక్కిరిబిక్కిరవుతుంటుంది. గొట్టం వేసిన కాలికి కిందివైపు రక్తం వెళ్లేందుకు సన్నటి ఇంకో గొట్టం వేయకపోతే కాలే పోవచ్చు.

మార్పు తెచ్చింది ఇంపెల్లా సీపీ. ధమని గుండా ఎడమ జఠరికలోకి దూర్చే సన్నటి పంపు, జఠరికలోంచి లాగి బృహద్ధమనిలోకి పోస్తుంది. ఎక్మోకు భిన్నంగా గుండె బరువును దించుతుంది. 2024లో వచ్చిన డేంజర్ షాక్ ట్రయల్‌లో 355 మందిలో ఆరు నెలల మరణాలు పంపుతో 45.8 శాతం, లేకుండా 58.5. ఎనిమిది మందికి పెడితే ఒకరు అదనంగా బతికారు. నాళాన్ని తెరవడం తర్వాత షాక్‌లో ప్రాణాలు నిలిపినట్టు తేలింది ఇదే.

అయితే ఎవరిలో తేలిందో చదవాలి. ఎస్టీ లేచిన గుండెపోటు, ఎడమ జఠరిక పనితీరు (నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వంతు) 45 శాతం లోపు, లాక్టేట్ 2.5 లేదా ఆపైన. గుండె ఆగి స్పృహలేని వాళ్లను, కుడి జఠరిక చేతులెత్తేసిన వాళ్లను తీసుకోలేదు. పదేళ్ల పాటు వెతికితే ట్రయల్‌కు దొరికిన పేషెంట్లు ఇంతే. దుష్ఫలితాలు తక్కువేం కాదు: డయాలసిస్ లాంటివి 41.9 శాతం మందికి అవసరమయ్యాయి, లేనివాళ్లలో 26.7. కాలికి రక్తం ఆగడం 5.6 శాతం, లేనివాళ్లలో 1.1. షాక్ కనిపించిన ప్రతివాళ్లకూ పెట్టేస్తే ఈ నష్టాలన్నీ వస్తాయి, లాభం రాదు.

పంపు ఉన్న మనిషి మూత్రం ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో మారితే రక్తకణాలు పగులుతున్నాయని అర్థం. పంపు లోపలికి లాగే భాగం వాల్వుకు సుమారు 3.5 సెం.మీ. కింద ఉండాలి. మనిషిని పక్కకు తిప్పినప్పుడు అది జరిగి కండరానికి తగులుకుంటే సక్షన్ అలారం మోగుతుంది. ప్రవాహం తగ్గిందని వేగం పెంచితే ఇంకా అతుక్కుంటుంది. ఒక మెట్టు దించి, ఎకోతో చోటు చూడాలి. చోటు సరిగ్గానే ఉంటే రక్తం తక్కువైందా, కుడి జఠరిక సరఫరా చేయలేకపోతోందా అన్నది తేల్చాలి. పల్మనరీ ధమని (గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే నాళం) పై పీడనంలోంచి కింది పీడనం తీసేసి, కుడి కర్ణిక పీడనంతో భాగిస్తే జవాబు దొరుకుతుంది. 34లోంచి 22 తీసి 17తో భాగిస్తే 0.7. అది 0.9 లోపు ఉంటే కుడివైపు ఓడిపోతోంది, ఎడమ పంపు ఎంత తిప్పినా దానికి లాగడానికి రక్తం రాదు.

బతికేదెవరు, ఆ తర్వాత ఏమిటి

కుటుంబం అడిగే ప్రశ్నకు అంచనాగా చెప్పడానికి ఐఏబీపీ షాక్ 2 నుంచి తీసిన ఒక స్కోరు ఉంది. వయసు 73 దాటితే 1, చక్కెర 191 దాటితే 1, క్రియాటినిన్ 1.5 దాటితే 1. ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2, లాక్టేట్ 5 దాటితే 2, స్టెంట్ తర్వాత నాళంలో పూర్తి ప్రవాహం రాకపోతే 2. మొత్తం 2 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే నెలలో చనిపోయేది నలుగురిలో ఒకరు, 3 లేదా 4 అయితే సగం మంది, 5 లేదా ఆపైన అయితే నలుగురిలో ముగ్గురు. ఇది ఒక గుంపు గురించి చెప్పే అంకె. ఎదురుగా ఉన్న మనిషి ఆ నలుగురిలో ఎవరన్నది అది చెప్పదు, ఆ మాట కూడా వాళ్లకు చెప్పాలి.

గండం గడిచి ఇంటికెళ్లినవాళ్ల సంగతి అనుకున్నంత దిగులుగా ఉండదు. షాక్ ట్రయల్‌లో ఏడాది తర్వాత బతికున్నవాళ్లలో సుమారు 83 శాతం మంది రోజువారీ పనులు పెద్ద ఆయాసం లేకుండా చేసుకుంటున్నారు. వెంటనే నాళం తెరిపించుకుని డిశ్చార్జి అయినవాళ్లలో ఆరేళ్లకు 62 శాతం మంది ఉన్నారు, ముందు మందులతో నిలబెట్టిన గుంపులో 44 శాతం. మొదటి గంటల్లో జరిగిన పని ఆరేళ్ల దాకా లెక్కకొస్తోంది.

డిశ్చార్జికి ముందు బీటా బ్లాకర్ (మెటోప్రొలాల్ లాంటి, గుండె వేగం తగ్గించే మందు) తొందరపడి మొదలుపెట్టకూడదు. డ్రిప్‌లన్నీ ఆపి, ఒంట్లో నీరు తీసి, కనీసం ఒకటి రెండు రోజులు బీపీ తనంతట తాను నిలబడ్డాక, అతి చిన్న మోతాదుతో మొదలు. బీపీ తగ్గించి గుండె భారం దించే ఏసీఈ మందులు కూడా కిడ్నీ కుదుటపడ్డాకే. ముందు గోడకు పోటు వచ్చినవాళ్లకు జఠరిక కొనలో గడ్డ ఉందేమో ఎకోలో ప్రత్యేకంగా వెతకాలి, ఉంటే రక్తం పలచబరిచే మందు మూడు నెలలు. డిశ్చార్జి రోజు బరువు కార్డు మీద రాసివ్వాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే తిండి ఎక్కువై కాదు, నీరు చేరి. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రావాలి. ఐసీయూలో వారాలు గడిపినవాళ్ల కాళ్లలో కండరం కరిగిపోయి ఉంటుంది. నడవలేకపోతున్నారంటే గుండె మీదికే నెట్టేయకుండా ఫిజియోథెరపీ మొదలుపెట్టించాలి.

ఆకస్మికంగా గుండె ఆగకుండా కాపాడేందుకు ఒంట్లో అమర్చే ఐసీడీ పరికరం గురించి మొదటి వారంలోనే అడుగుతారు. అప్పుడు పెట్టరు. మొద్దుబారిన కండరం కొంత తిరిగి లేస్తుంది. గుండెపోటు వచ్చిన 40 రోజులకు, స్టెంట్ వేసి ఉంటే 3 నెలలకు, మందులు పూర్తి మోతాదుకు చేరాక మళ్లీ ఎకో చేస్తారు. అప్పటికీ ఎడమ జఠరిక పనితీరు 35 శాతం దాటకపోతే పెడతారు. ఆ ఎకో తేదీ డిశ్చార్జి కాగితం మీద ముందే పడి ఉండాలి. లేకపోతే ఎవరికీ గుర్తుండదు.